గోదావరి డెల్టాలో ప్రభుత్వ పరిశోధన సహాయం - వ్యాపారాలపై ప్రభావం

గోదావరి డెల్టాలో ప్రభుత్వ పరిశోధన సహాయం అనగా ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గల తూర్పు, పశ్చిమ డెల్టాలలోను, వాటిని ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతంలోను ప్రభుత్వ ధనంతో జరిగిన శాస్త్ర, సాంకేతిక పరిశోధన, దాని ఆధారంగా వ్యాపారసంస్థలకు అందిన సహాయం. వరి, పొగాకు, కొబ్బరి, ఆయిల్ పామ్, చేపలు, రొయ్యలు, రసాయన పరిశ్రమ ఈ సహాయంతో ఏదో ఒక మేరకు మారినవి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పరిశోధనకు, ప్రైవేటు వ్యాపారానికి గల సంబంధాన్ని పరిశీలించడానికి ఈ ప్రాంతం మంచి ఉదాహరణ. ఇక్కడి ఫలితాలు అన్నీ ఒకే తీరున లేవు. కొన్నిచోట్ల లాభం వేలాది చిన్న వ్యాపారులకు, రైతులకు పంచబడినది. కొన్నిచోట్ల కొద్ది సంస్థలకే పరిమితమైనది.

సహాయం - రకాలు

ప్రభుత్వం పరిశోధనకు చేసే సహాయాన్ని స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చును.

1. ప్రభుత్వమే పరిశోధన కేంద్రాన్ని నడిపి ఫలితాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇందుకు ఉదాహరణ.
2. ప్రభుత్వ సంస్థ కనుగొన్న పద్ధతిని రుసుముపై గాని, ఒప్పందంపై గాని ఒక కంపెనీకి అప్పగించడం. దీనిని సాంకేతిక పరిజ్ఞాన బదిలీ అంటారు.
3. కంపెనీ స్వయంగా చేసే పరిశోధనకు గ్రాంటు, తక్కువ వడ్డీ రుణం లేదా పన్ను రాయితీ ఇవ్వడం.
4. కొత్త వస్తువును తయారుచేస్తే తానే కొంటానని ప్రభుత్వం ముందుగా హామీ ఇవ్వడం.

గోదావరి జిల్లాలలో మొదటి రకం సహాయం ఎక్కువ. హైదరాబాదులోని మందుల, టీకాల కంపెనీలకు మూడవ రకం సహాయం ఎక్కువగా అందినది.

సహాయం ఎందుకు

ఒక వ్యాపారి డబ్బు ఖర్చుచేసి కొత్త విషయాన్ని కనుగొంటే, దానిని పక్క వ్యాపారి ఖర్చు లేకుండా అనుకరించవచ్చును. అందువలన పరిశోధన వలన సమాజానికి కలిగే లాభంలో కొంత భాగమే దానిని చేసినవారికి దక్కుతుంది. ఈ కారణం చేత ప్రైవేటు సంస్థలు సమాజానికి అవసరమైనంత పరిశోధన చేయవని ఆర్థికవేత్తలు రిచర్డ్ నెల్సన్ 1959లోను, కెన్నెత్ ఆరో 1962లోను వివరించారు. అమెరికాలో సంకరజాతి మొక్కజొన్నపై జరిగిన పరిశోధనకు అయిన ఖర్చును, దానివలన సమాజానికి కలిగిన లాభాన్ని జ్వి గ్రిలిచెస్ 1958లో లెక్కకట్టి, లాభం ఖర్చుకు అనేక రెట్లు ఉన్నదని చూపాడు.

ఈ విషయంలో వరి మరింత స్పష్టమైన ఉదాహరణ. వరి తనలో తానే పరాగసంపర్కం జరుపుకొనే పంట. రైతు ఒకసారి మంచి విత్తనం కొంటే, తరువాతి సంవత్సరం తన గాదెలోని ధాన్యాన్నే విత్తనంగా వాడుకొనవచ్చును. కనుక సంకరజాతి వరిని మినహాయిస్తే, కొత్త వరి వంగడం తయారుచేయడానికి పది పన్నెండు సంవత్సరాలు ఖర్చుపెట్టే కంపెనీకి ఆ ఖర్చు తిరిగివచ్చే మార్గం లేదు. ఆ పనిని ప్రభుత్వం చేపట్టవలసి వచ్చింది.

దీనికి ఎదురు వాదన కూడా ఉన్నది. కంపెనీ ఎలాగూ చేయబోయే పరిశోధనకే ప్రభుత్వం డబ్బు ఇస్తే, కంపెనీ తన డబ్బును మిగుల్చుకుంటుంది గాని కొత్త పరిశోధన జరగదు. అందువలన సహాయం కంపెనీ ఖర్చుకు తోడైనదా, లేక దాని స్థానాన్ని ఆక్రమించినదా అన్నది ఈ విషయంలో ముఖ్యమైన ప్రశ్న.

చారిత్రక నేపథ్యం

1833 నాటి డొక్కల కరువు, 1839 నాటి తుఫాను వలన గోదావరి జిల్లా బాగా దెబ్బతిన్నది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం మొదలై 1852లో పూర్తయింది. నదిలోని లంకల మధ్య ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా దీనిని నిర్మించారు. ఇసుక నేలపై పునాది నిలిపే పద్ధతిని కాటన్ కావేరిపై చోళుల కాలం నాటి కల్లణై నుండి గ్రహించాడు. కొల్లడం నదిపై చేసిన పనులలో దానిని పరీక్షించి, ఆ అనుభవంతో గోదావరికి వచ్చాడు. స్థానికుడైన వీణెం వీరన్న ఈ నిర్మాణంలో ఆయనకు తోడ్పడ్డాడు. ఆనకట్ట కోసం ధవళేశ్వరంలో ఏర్పడిన ప్రభుత్వ కర్మశాలలు తరువాత కూడా కాలువల పనులకు ఉపయోగపడినవి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. దీని క్రింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది.

ఆనకట్టను పరిశోధన అనడం సరికాదు. అయితే ఆ తరువాత వచ్చిన పరిశోధన కేంద్రాలన్నిటికీ అది పునాది వేసింది. ఏటా నమ్మకంగా నీరు వచ్చే నేలలోనే కొత్త వంగడం తన శక్తిని చూపగలదు. కాలువలు సరుకు రవాణాకు కూడా పనికివచ్చినందున బియ్యం వ్యాపారం డెల్టా అంతటా విస్తరించింది.

వరి - మార్టేరు కేంద్రం

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని మార్టేరులో 1925లో వరి పరిశోధన కేంద్రం ఏర్పడినది. ఇది ఇప్పుడు ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉన్నది. ఇక్కడ రూపొందిన వంగడాలకు ఎం.టి.యు. అనే అక్షరాలతో సంఖ్యను ఇస్తారు.

వీటిలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029). వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి దీనిని తయారుచేశారు. సుమారు 150 రోజుల పంట. తక్కువ నత్రజనితో కూడా మంచి దిగుబడి ఇవ్వడం వలన ఆంధ్రప్రదేశ్‌లోనే కాక ఒడిషా, పశ్చిమ బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలలోను, బంగ్లాదేశ్‌లోను విస్తరించినది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఒడిషాకు చెందిన పాత రకం నుండి ముంపును తట్టుకొనే జన్యువును దీనిలోనికి చేర్చగా తయారైన స్వర్ణ సబ్-1 రకం 2009లో భారతదేశంలో విడుదలయింది.

1970ల నుండి డెల్టాలో సుడిదోమ తీవ్రమైన సమస్య అయింది. దీనిని తట్టుకొనే చైతన్య, కృష్ణవేణి, వజ్రం వంటి రకాలను మార్టేరు శాస్త్రవేత్తలు అందించారు. కృష్ణవేణిని ఐ.ఆర్. 64తో సంకరపరచి తయారుచేసిన కాటన్ దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) 2000లో విడుదలయింది. సుమారు 120 రోజులలో కోతకు వచ్చే ఈ రకానికి గింజ సన్నగా, పొడవుగా ఉండడం వలన బియ్యం ఎగుమతిదారుల ఆదరణ లభించినది.

వ్యాపారాలపై ప్రభావం: ఈ వంగడాలు మూడు రకాల వ్యాపారాలను పెంచినవి. మొదటిది విత్తన వ్యాపారం. పరిశోధన కేంద్రం బ్రీడర్ విత్తనాన్ని ఇస్తుంది. దాని నుండి ఫౌండేషన్ విత్తనం, దాని నుండి ధ్రువీకరణ విత్తనం తయారవుతాయి. 1976లో ఏర్పడిన రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థతో పాటు అనేక ప్రైవేటు విత్తన సంస్థలు ఈ పనిలో ఉన్నవి. స్వంతంగా వంగడం తయారుచేసే శక్తి లేని చిన్న సంస్థ కూడా ప్రభుత్వ వంగడాన్ని పెంచి, శుద్ధిచేసి, సంచులలో నింపి అమ్ముకొనగలుగుతున్నది. రెండవది బియ్యం మిల్లులు. తాడేపల్లిగూడెం, తణుకు, మండపేట మొదలైన చోట్ల మిల్లులు ఒకే రకం ధాన్యం పెద్ద మొత్తంలో రావడం వలన లాభపడినవి. గింజ సైజు ఒకే తీరుగా ఉంటే మరలో నూక తగ్గుతుంది. మూడవది కాకినాడ రేవు నుండి జరిగే బియ్యం ఎగుమతి.

ఈ మూడు వ్యాపారాలలో ఎవరూ పరిశోధన ఖర్చును నేరుగా భరించలేదు. లాభం విస్తృతంగా పంచబడడానికి ఇదే కారణం. పరిశోధన కేంద్రానికి స్వంత ఆదాయం లేక, బడ్జెటుపైనే ఆధారపడవలసి రావడానికి కూడా ఇదే కారణం. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం వంగడం రూపొందించినవారికి హక్కులు కల్పించినది. అదే చట్టం రైతు తన పంట నుండి విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే, బ్రాండు లేకుండా అమ్ముకొనే హక్కును కూడా కాపాడినది.

పొగాకు - రాజమండ్రి కేంద్రం

వర్జీనియా పొగాకును ఆంధ్ర ప్రాంతంలో పరిచయం చేసినది ప్రధానంగా ప్రైవేటు కంపెనీయే. తరువాత ప్రభుత్వ పరిశోధన దానికి తోడైనది. భారత కేంద్ర పొగాకు సంఘం ఆధ్వర్యంలో 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడినది. 1965లో ఇది భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధీనంలోనికి వచ్చింది. కొత్త రకాలు, నారుమడుల యాజమాన్యం, లద్దెపురుగు నివారణ, వేళ్ళపై బ్రతికే 'పొగాకు మల్లె' అనే పరాన్న కలుపు నిర్మూలన, బ్యారన్లలో కట్టెల వాడకం తగ్గించడం మొదలైనవి దీని పరిశోధనాంశాలు. గోదావరి లంకలలో పండే చుట్ట పొగాకుపై కూడా ఇక్కడ పరిశోధన జరిగింది.

దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం ప్రాంతాలలోని తేలిక నేలలలో సాగునీటితో పండించే వర్జీనియా పొగాకు ఎగుమతిలో మంచి ధర పొందింది. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు, 1980ల మధ్యలో మొదలైన వేలం పద్ధతి ఈ వ్యాపారాన్ని క్రమబద్ధం చేసినవి. ఐ.టి.సి. సంస్థకు కూడా రాజమండ్రిలో స్వంత పరిశోధన విభాగం ఉన్నది. అనగా ఇక్కడ ప్రభుత్వ పరిశోధన వలన ప్రైవేటు పరిశోధన ఆగిపోలేదు. రెండూ పక్కపక్కన నడిచినవి.

పొగాకు ఆరోగ్యానికి హానికరం కావడం వలన ఈ సహాయం వివాదాస్పదమైనది. 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2004లో భారతదేశం ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పొగాకు నియంత్రణ ఒడంబడికను ధ్రువీకరించినది. ఒక చేతితో పొగాకు వాడకాన్ని తగ్గిస్తూ, మరొక చేతితో దాని సాగును మెరుగుపరచడం పొసగదని విమర్శకుల వాదన. ఈ పంటపైనే బ్రతికే రైతులను, బ్యారన్ల, గ్రేడింగు కూలీలను ఒక్కసారిగా వదిలివేయరాదని మరొక వాదన. ఈ ఒత్తిడి వలన సంస్థ ప్రత్యామ్నాయ పంటలపైన, పొగాకు నుండి సొలనసాల్ వంటి రసాయనాలను, గింజల నుండి నూనెను తీయడంపైన దృష్టి సారించినది. అనంతరం దీనిని జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థగా మార్చి మిర్చి, పసుపు, అశ్వగంధ వంటి పంటలను కూడా దాని పరిధిలోనికి తెచ్చారు.

కొబ్బరి, ఆయిల్ పామ్

కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం గంగాబొండం రకాన్ని తూర్పు తీరపు పొడుగు రకంతో సంకరపరచి గోదావరి గంగ అనే కొబ్బరి రకాన్ని అందించినది. నల్లి, ఆకుతేలు, తెల్లదోమ వంటి పురుగులను మిత్రకీటకాలతో అదుపుచేసే పద్ధతులపై కూడా ఇక్కడ పని జరుగుతున్నది. కొబ్బరిచెట్టుపై మందు చల్లడం కష్టం. పైగా ఒక తోటలో చల్లినా పక్క తోట నుండి పురుగు మరల వస్తుంది. కనుక మిత్రకీటకాల పెంపకం ఒక్కొక్క వ్యాపారి విడిగా పెట్టుబడి పెట్టదగిన పని కాదు. ఈ పరిశోధన వలన కాయ దిగుబడి నిలబడితే దాని ఫలితం కొబ్బరి దింపు కార్మికుల నుండి పీచు పరిశ్రమ వరకు అందుతుంది.

ఆయిల్ పామ్ విషయం దీనికి భిన్నమైనది. ఏలూరు సమీపంలోని పెదవేగిలో 1995లో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడి, తరువాత భారత ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ అయినది. కోసిన గెలను త్వరగా, ఒకటి రెండు రోజులలోనే, గానుగ ఆడించకపోతే నూనె నాణ్యత చెడుతుంది. అందువలన 1993 నాటి రాష్ట్ర ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ఒక్కొక్క ప్రాంతాన్ని ఒక్కొక్క కంపెనీకి కేటాయించారు. ఆ ప్రాంతంలోని రైతులు తమ గెలలను ఆ కంపెనీ ఫ్యాక్టరీకే ఇవ్వాలి. కంపెనీకి ముడిసరుకు హామీ లభించడం వలన ఫ్యాక్టరీ పెట్టడానికి ధైర్యం కలిగింది. అయితే కొనుగోలుదారు ఒక్కడే కావడం వలన గెల ధర, నూనె శాతం లెక్కింపు రైతులకు, కంపెనీలకు మధ్య తరచు వివాదమయినవి. పరిశోధన ఫలితం ఎవరికి ఎంత చేరుతుందన్నది శాస్త్రంతో పాటు మార్కెటు నిబంధనలపై కూడా ఆధారపడి ఉంటుందని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

చేపలు, రొయ్యలు

1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి పెంపుడు చేపల చేత గుడ్లు పెట్టించగలిగాడు. అంతవరకు చేపపిల్లల కొరకు నదులపై ఆధారపడవలసి వచ్చేది. ఈ పద్ధతి వలన హేచరీలు సాధ్యమై, కొల్లేరు, భీమవరం, కైకలూరు ప్రాంతాలలో బొచ్చె, శీలావతి చేపల పెంపకం పెద్ద వ్యాపారమైనది. దానితో పాటు మంచు ఫ్యాక్టరీలు, మేత వ్యాపారం, లారీ రవాణా పెరిగినవి.

రొయ్యల రంగంలో ప్రైవేటు పెట్టుబడి పరిశోధన కంటె ముందు పరుగెత్తినది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యల చెరువులు వేగంగా విస్తరించినవి. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వ్యాధి వలన అనేకమంది నష్టపోయారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత ఆక్వా సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ పాల్గొన్న ప్రమాద పరిశీలన తరువాత 2009లో వనామీ రొయ్యల పెంపకానికి అనుమతి లభించినది. దిగుమతి అయ్యే తల్లి రొయ్యలను చెన్నైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించిన తరువాతనే హేచరీలకు పంపుతారు. భీమవరంలో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ వారి ప్రయోగశాల రొయ్యలలో యాంటీబయాటిక్ అవశేషాలను పరీక్షిస్తుంది.

కొవ్వూరులో ఫ్యాక్టరీ గల అవంతి ఫీడ్స్ వంటి మేత కంపెనీలు వనామీ వచ్చిన తరువాత బాగా పెరిగినవి. పెద్ద కంపెనీలు విదేశీ భాగస్వాముల నుండి మేత పరిజ్ఞానం పొందగలవు. చిన్న మేత తయారీదారులకు ఆ అవకాశం లేదు. వారి కొరకు కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 'వనామీ ప్లస్' అనే మేతను రూపొందించి లైసెన్సుపై ఇచ్చింది. ఈ రంగంలో పరీక్ష, క్వారంటైన్ వంటి సేవలు కొత్త ఆవిష్కరణలంత ముఖ్యమైనవి. ఒక్క చెరువులోని వ్యాధి కాలువ నీటి ద్వారా ఊరంతా వ్యాపించగలదు.

రాకెట్ ఇంధనం - తణుకు

తణుకులో 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ స్థాపించిన ఆంధ్రా షుగర్స్ సంస్థ చక్కెరతో మొదలై రసాయనాల తయారీకి విస్తరించినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ పరిజ్ఞానంతో 1980ల దశకంలో ఇక్కడ ద్రవ రాకెట్ ఇంధనమైన యు.డి.ఎం.హెచ్. తయారీ చేపట్టారు. పి.ఎస్.ఎల్.వి. రెండవ దశలోని వికాస్ ఇంజను ఈ కోవకు చెందిన ఇంధనంతో పనిచేస్తుంది.

ఇది రెండవ, నాలుగవ రకాల సహాయం కలిసిన ఉదాహరణ. పరిజ్ఞానం ప్రభుత్వానిది, ఫ్యాక్టరీ నడిపే నైపుణ్యం కంపెనీది, కొనేది మరల ప్రభుత్వమే. ప్రమాదకరమైన రసాయనాన్ని తయారుచేయడంలో వచ్చిన అనుభవం, నాణ్యత పాటించే క్రమశిక్షణ కంపెనీకి మిగిలే లాభం. కొనుగోలుదారు ఒక్కడే కావడం వలన ఉత్పత్తి రాకెట్ ప్రయోగాల సంఖ్యపై ఆధారపడి ఉండడం దీని పరిమితి.

గ్రాంట్లు, రుణాలు, పన్ను రాయితీలు

విదేశీ సాంకేతిక పరిజ్ఞానం దిగుమతిపై సుంకం విధించి, ఆ సొమ్మును స్వదేశీ పరిశోధనకు వాడే ఉద్దేశంతో 1986లో ఒక చట్టం వచ్చింది. 1996లో ఏర్పడిన సాంకేతిక అభివృద్ధి మండలి కంపెనీలకు రుణాలు ఇవ్వసాగినది. ఈ సుంకాన్ని 2017లో రద్దు చేశారు. మండలి సహాయం పొందిన తొలి కంపెనీలలో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ఒకటి. కె.ఐ.వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన ఈ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేయగా, విదేశీ టీకాల ధర కూడా దిగివచ్చింది. 2009లో ఈ సంస్థను ఫ్రాన్సుకు చెందిన సనోఫీ కొన్నది. ప్రభుత్వ సహాయంతో ఎదిగిన సంస్థ విదేశీ యాజమాన్యంలోనికి పోవడం సబబా అన్న ప్రశ్నకు, చవక టీకా వలన దేశ ప్రజలకు లాభం అప్పటికే చేరిందన్నది ఒక సమాధానం.

గుర్తింపు పొందిన పరిశోధన విభాగం గల కంపెనీ తన పరిశోధన ఖర్చుకు 2010 నుండి రెండు రెట్లు ఆదాయం నుండి మినహాయించుకొనే వీలుండేది. ఇది 2017లో ఒకటిన్నర రెట్లకు, 2020లో అసలు ఖర్చుకు తగ్గింది. జీవసాంకేతిక రంగానికి 2012లో బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. ప్రైవేటు రంగ పరిశోధనకు దీర్ఘకాలిక రుణాలు ఇచ్చే లక్ష కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదించినది. 2020-21లో భారతదేశం పరిశోధనకు వెచ్చించిన మొత్తం దేశ స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. అందులో ప్రైవేటు రంగం వాటా సగం కంటె తక్కువ.

పన్ను రాయితీ ఇప్పటికే లాభం వస్తున్న, స్వంత ప్రయోగశాల గల కంపెనీకి పనికివస్తుంది. డెల్టాలోని బియ్యం మిల్లు, పీచు పరిశ్రమ, హేచరీ వంటి చిన్న సంస్థలలో చాలావాటికి అటువంటి విభాగం లేదు. వీటికి ప్రభుత్వ పరిశోధన కేంద్రమే ప్రయోగశాల.

ప్రభావాల సమీక్ష

పై ఉదాహరణల నుండి కొన్ని సామాన్య విషయాలను గ్రహించవచ్చును.

* ఫలితాన్ని అందరికీ ఇచ్చినచోట (వరి, చేపల హేచరీ) చిన్న వ్యాపారాలు ఎక్కువగా పుట్టినవి. ఒక కంపెనీకి అప్పగించినచోట (రాకెట్ ఇంధనం) లోతైన నైపుణ్యం పెరిగింది గాని విస్తృతి తక్కువ.
* పరిశోధనకు, వ్యాపారానికి మధ్య కాలవ్యవధి ఎక్కువ. ఎం.టి.యు. 1010 విడుదల నాటికి మార్టేరు కేంద్రానికి 75 సంవత్సరాలు నిండినవి. ఒక సంవత్సరం బడ్జెటు తగ్గితే దాని నష్టం పది సంవత్సరాల తరువాత కనిపిస్తుంది.
* ఒకే వంగడం లక్షల ఎకరాలలో వ్యాపించడం మిల్లుకు అనుకూలం, పురుగుకు కూడా అనుకూలం. కనుక విజయం సాధించిన వంగడానికి కూడా ప్రత్యామ్నాయాలను సిద్ధం చేస్తూ ఉండాలి.
* డెల్టాలో కౌలు రైతులు ఎక్కువ. దిగుబడి పెరిగినచోట కౌలు కూడా పెరిగితే, లాభంలో కొంత భాగం సాగుచేసేవారి నుండి భూయజమానికి పోతుంది.

పరిశోధన సహాయం లేకుండా ఎదిగిన వ్యాపారాలు

ధవళేశ్వరానికి సమీపంలోని కడియం, కడియపులంక గ్రామాల నర్సరీలు దేశమంతటికీ మొక్కలను పంపుతున్నవి. అంటు కట్టడం, నేలఅంటు, కొమ్మ నాటడం వంటి పనులలో తరతరాలుగా వచ్చిన చేతి నైపుణ్యం, కాలువ నీరు, ఒండ్రు మట్టి, జాతీయ రహదారి సౌకర్యం వీటి ఎదుగుదలకు ముఖ్య కారణాలు. ఇక్కడ ఏ ప్రయోగశాలా మొదట రాలేదు. అందువలన ఒక ప్రాంతంలో వ్యాపారం పెరిగిన ప్రతిచోటా దానిని పరిశోధన సహాయం ఖాతాలో వేయడం సరికాదు. సహాయం లేకపోయినా ఆ వ్యాపారం పుట్టి ఉండేదా అని పరిశీలించిన తరువాతనే ప్రభావాన్ని అంచనా వేయాలి. అయితే ఆ నర్సరీలకు నీరందించే కాలువ కూడా ధవళేశ్వరం ఆనకట్ట నుండే వస్తున్నది.